ధైర్యానికి మీసాలుండవు

ముప్పై మూడేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. నార్వే వీరులెవరంటే పిల్లలు వెంటనే వైకింగులు, కత్తులు, కొమ్ముల టోపీలు అనేవారు. వైకింగులు ఆ కొమ్ములు పెట్టుకున్నట్టు ఆధారమే లేదు. నాకు నచ్చిన నార్వేవాళ్లు వేరే. వాళ్ల దగ్గర నేర్చుకుని, నా బతుకులో సరిచూసుకున్న పాఠాలివి.

1. వెనక్కి తిరగడానికీ గుండె కావాలి.
ధ్రువయాత్రికుడు అముండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి 1911 సెప్టెంబరు 8న బయల్దేరాడు. చలి మైనస్ 50 డిగ్రీలు దాటింది. అవతల ఇంగ్లీషువాడు స్కాట్ పోటీలో ఉన్నాడు. అయినా శిబిరానికి మళ్లాడు. ఆ తొందరలో తోటివాళ్లను వెనక వదిలేశాడని జోహాన్సెన్ అనే సహచరుడు అందరి ముందే నిలదీశాడు. అదీ ధైర్యమే. అక్టోబరులో మళ్లీ కదిలి, డిసెంబరు 14న అముండ్‌సెన్ ధ్రువం చేరాడు. ఒకసారి గోదావరి పోటు చూసి పిల్లల పడవ షికారు ఆపించాను. పిరికి మేష్టారన్నారు. అనుకోనీ.

2. దారి తప్పుతానని ముందే ఒప్పుకో.
తిరుగు ప్రయాణానికి మంచులో తిండి దాచిన చోట అముండ్‌సెన్ ఒక్క జెండాతో సరిపెట్టలేదు. దారికి అడ్డంగా, రెండు పక్కలా దూరందాకా వరసగా జెండాలు పాతించాడు. మంచు పొగలో ఎటు తప్పినా ఏదో ఒకటి కంటబడుతుంది. తన మీద అతినమ్మకం లేనివాడే క్షేమంగా ఇల్లు చేరాడు.

3. కాదనేటప్పుడు పక్కన మనిషిని చూసుకో.
1942లో నార్వే జర్మన్ల చేతిలో ఉంది. టీచర్లంతా నాజీ సంఘంలో చేరాలన్నాడు జర్మన్ల కీలుబొమ్మ ప్రభుత్వాధినేత క్విజ్లింగ్. వేలమంది ఒకే రకం మాటలతో, ఎవరి పేరు వాళ్లు రాసి, చేరబోమని ఉత్తరాలు పంపారు. వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు. వాళ్లలో కొన్ని వందలమందిని ఉత్తరాన గడ్డకట్టే కిర్కెనెస్‌కు పంపి కూలి పని చేయించారు. అయినా ఆ సంఘం నిలబడలేదు. ఒక బడిలో చూసిరాతలకు కళ్లు మూసుకోమన్నప్పుడు మేం నలుగురం కాదన్నాం. ఒక్కణ్ణే అయితే నేనూ తలూపేవాణ్ణేమో.

4. తెగింపులోనూ మనిషితనం పోగొట్టుకోకు.
1943 ఫిబ్రవరి 27 రాత్రి. వెమోర్క్ కర్మాగారంలో భారజలం తయారవుతోంది. అది జర్మన్ల అణు పరిశోధనకు కావాలి. రోన్నెబర్గ్ అనే 23 ఏళ్ల కుర్రాడి నాయకత్వంలో తొమ్మిదిమంది నార్వేవాళ్లు దాన్ని పేల్చడానికి లోతైన లోయ దిగి, ఎక్కి, లోపలికి వెళ్లారు. పేలుడు మందు పెట్టి వత్తి అంటించబోతుంటే కావలి ముసలాయన “నా కళ్లజోడేదీ?” అన్నాడు. యుద్ధకాలం, మళ్లీ దొరకదు. వాళ్లు ఆగి, వెతికి, చేతికిచ్చారు. తర్వాతే పేల్చారు. ఒక్క తూటా పేలలేదు. ఆ ఘట్టం చెప్పేటప్పుడు మా వెనక బెంచీ అల్లరిమూక కూడా చప్పుడు చేసేది కాదు.

5. పంతం కన్నా ప్రాణం పెద్దది.
1926లో అముండ్‌సెన్, ఇటలీవాడు నోబిలే ఒకే ఆకాశనౌకలో ఉత్తర ధ్రువం మీదుగా వెళ్లారు. దిగాక ఘనత ఎవరిదని బద్ధశత్రువులయ్యారు. 1928లో నోబిలే నౌక మంచులో కూలిందని కబురొచ్చింది. 55 ఏళ్ల అముండ్‌సెన్ జూన్ 18న ట్రోమ్సోలో విమానమెక్కాడు. నోబిలే బతికాడు. వెతకడానికి పోయినవాడు మళ్లీ కనబడలేదు.

ఈ కథ పదేపదే చెప్పాను. మా తమ్ముడితో గట్టు తగాదా, పదకొండేళ్లు మాటల్లేవు. ఓ మధ్యాహ్నం ఇదే పాఠం అయ్యాక ఒక పిల్లవాడు, “మీరైతే వెళ్లేవారా సార్?” అని అడిగాడు. ఆ సాయంత్రం బస్సెక్కాను. నలభై కిలోమీటర్లే. నా బతుకులో అంత దూరం ఎప్పుడూ పోలేదు.