విమానాల చదువు

మా బడిలో పదో తరగతి పిల్లల్ని "పెద్దయ్యాక ఏమవుతారర్రా?" అని అడిగితే ప్రతి ఏడూ ఒకరిద్దరు "విమానం, మాస్టారూ!" అంటారు. "ఏమిటీ, విమానం అవుతావా?" అని పక్కవాళ్లు నవ్వుతారు. నేను మాత్రం నవ్వను. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు చదువులు ఉన్నాయి. ఏది కావాలో తేల్చుకోకుండా బయలుదేరినవాళ్లు దారి తప్పడం నేను చూశాను.

మొదటిది విమానం నడపడం. ఇది విశ్వవిద్యాలయంలో పుస్తకాలు చదివితే వచ్చే విద్య కాదు. శిక్షణ సంస్థలో చేరి, కనీసం 200 గంటలు గాలిలో ఎగిరి, పరీక్షలు నెగ్గి లైసెన్సు పొందాలి. రెండోది విమానాన్ని పరీక్షించి, మరమ్మతు చేసి, "ఇది ఎగరడానికి తగి ఉంది" అని సంతకం పెట్టే పని. దానికీ వేరే లైసెన్సు ఉంది. మూడోది విమానాన్ని రూపొందించే ఇంజనీరు చదువు. నాలుగేళ్ల పట్టా ఇచ్చేది ఇదే. ఈ వ్యాసం ముఖ్యంగా దీన్ని గురించే.

ముందుగా ఒక చిన్న పని చేయండి. నోటుపుస్తకంలోంచి రెండు వేళ్ల వెడల్పున్న కాగితం ముక్క చించి, ఒక కొసను కింది పెదవి దగ్గర పట్టుకుని, దాని పైభాగం మీదుగా గట్టిగా ఊదండి. వేలాడుతున్న కాగితం పైకి లేస్తుంది. ఎందుకు?

"రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కనుక పైన పోయే గాలికి దారి ఎక్కువ. కింది గాలిని చివర్లో కలుసుకోవాలి కనుక అది వేగంగా పోతుంది" అని నేను చాలా ఏళ్లు పాఠం చెప్పాను. అది తప్పు. పైగాలి, కిందిగాలి ఒకేసారి చివరికి చేరాలన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. నిజానికి పైగాలే ముందు చేరుతుందని ప్రయోగాల్లో తేలింది. రెక్క తన వంపుతోనూ, వాలుతోనూ గాలిని కిందికి మళ్లిస్తుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం గాలి రెక్కను పైకి నెడుతుంది. రెక్క మీద పీడనం తక్కువ, కింద ఎక్కువ కావడం ఇదే సంగతికి మరో ముఖం. మీ పుస్తకంలో పాత వివరణ ఉంటే పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టుకోండి.

ఈ కాగితం ముక్కతో మొదలయ్యేదే వాయుగతి శాస్త్రం. కళాశాలలో మొదటి ఏడాది ఎక్కువగా గణితం, భౌతికశాస్త్రం, యంత్రశాస్త్ర ప్రాథమిక పాఠాలే ఉంటాయి. విమానం కనబడదేమని పిల్లలు దిగులు పడేది అప్పుడే. తరవాత విండ్ టన్నెల్ అనే గాలి సొరంగంలో రెక్క నమూనాను బిగించి, దాని మీద పనిచేసే బలాలను కొలుస్తారు. ఇంజన్ల పాఠం, విమానం గాలిలో నిలకడగా ఉండడం గురించిన పాఠం, నిర్మాణాల పాఠం ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

నిర్మాణాల పాఠం ఎంత అవసరమో 1954లో ప్రపంచానికి తెలిసివచ్చింది. బ్రిటన్ తయారు చేసిన కామెట్ మొట్టమొదటి జెట్ ప్రయాణికుల విమానం. ఆ ఏడాది జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండు కామెట్‌లు ఇటలీ దగ్గర సముద్రం మీద గాలిలోనే విచ్చిపోయాయి. కారణం కనుక్కోవడానికి ఫార్న్‌బరోలో ఒక కామెట్ దేహాన్ని పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల పీడనం పెంచుతూ, తగ్గిస్తూ పోయారు. గాలి బదులు నీరు ఎందుకు? నీరు దాదాపు నొక్కుకుపోదు కనుక, దేహం పగిలినా బాంబులా పేలదు, పగులు మొదలైన చోటు చెదరకుండా దొరుకుతుంది. అంతకుముందు ఎగిరిన ప్రయాణాలతో కలిపి 3,057వ విడతకు కిటికీ మూల దగ్గర లోహం చీలింది. ఇనుప తీగను ఇటూ అటూ పదేపదే వంచితే తెగుతుంది కదా, అదే లోహపు అలసట. నేటి విమానాల కిటికీల మూలలు గుండ్రంగా ఉండడం అందుకే.

ఇక లెక్క. "మాస్టారూ, ప్రమాణాలు రాయకపోతే అర మార్కు తీసేస్తారా?" అని నాతో తగాదా పడేవాళ్లకు నేను చెప్పే సంగతి ఇది.

1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కు బయలుదేరాలి. ఇంధనం కొలిచే మీటరు పనిచేయడం లేదు. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. తొట్టెలో కొలబద్ద పెట్టి చూస్తే 7,682 లీటర్లు ఉంది. లీటర్లను కిలోలుగా మార్చాలంటే సాంద్రతతో గుణించాలి. ఆ ఇంధనం లీటరు 0.803 కిలోలు తూగుతుంది. కాని అక్కడివాళ్లు పాత విమానాల అలవాటు కొద్దీ 1.77తో గుణించారు. అది లీటరుకు పౌండ్లలో బరువు!

7,682ను 1.77తో గుణిస్తే 13,597. అన్ని కిలోలు ఉన్నాయనుకున్నారు. 22,300లోంచి తీసేస్తే ఇంకా 8,703 కావాలి. దాన్ని మళ్లీ 1.77తో భాగించి, సుమారు 4,917 లీటర్లు పోశారు. సరైన లెక్క చేసి చూడండి. 7,682 లీటర్లంటే 6,169 కిలోలే. ఇంకా 16,131 కిలోలు, అంటే దాదాపు 20,090 లీటర్లు పోయాలి. పోసింది అందులో నాలుగో వంతుకూడా కాదు.

విమానం 41,000 అడుగుల ఎత్తున ఉండగా హెచ్చరిక మోగింది. కొద్దిసేపట్లో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. లోపల 69 మంది. అదృష్టవశాత్తు కెప్టెన్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడిపే అలవాటు ఉంది. గిమ్లీ అనే ఊళ్లోని పాత సైనిక విమానాశ్రయం దాకా విమానాన్ని తేలుస్తూ తెచ్చి దించాడు. ఎవరూ చనిపోలేదు. అర మార్కు ఎందుకు తీసేస్తానో ఇప్పుడు అర్థమైందా?

మన దేశంలో ఈ చదువు ఎక్కడుంది? బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో వైమానిక శాఖ 1942లోనే మొదలైంది. మద్రాసు క్రోంపేటలో 1949లో స్థాపించిన ఎమ్.ఐ.టి.లో అబ్దుల్ కలాం వైమానిక ఇంజనీరింగు చదివారు. ఖరగ్‌పూర్, బొంబాయి, మద్రాసు, కాన్పూరు ఐ.ఐ.టి.లలో పట్టా ఉంది. కాన్పూరు ఐ.ఐ.టి.కి సొంత రన్‌వే కూడా ఉంది. అక్కడి విద్యార్థులు చిన్న విమానంలో ఎగురుతూ కొలతలు తీసుకుంటారు. వీటన్నిటికీ ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండాలి. ప్రవేశ పరీక్ష గట్టిది. అందరికీ సీటు రాదు, ఆ మాట దాచడం ఇష్టం లేదు. రానివాళ్లు మెకానికల్ ఇంజనీరింగు చదివి, పైచదువులో ఇటు రావచ్చు. ఆ దారి చాలామంది అనుకున్నంత తక్కువది కాదు.

ఒక్క జాగ్రత్త. నా పాత విద్యార్థి ఒకడు రంగుల కరపత్రం చూసి విమాన మరమ్మతు కోర్సులో చేరాడు. వాళ్ల నాన్న అర ఎకరం అమ్మి ఫీజు కట్టాడు. రెండేళ్లయ్యాక తెలిసింది, ఆ కోర్సుకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీ.జీ.సీ.ఏ., ఆమోదం లేదని. కరపత్రంలో ఉన్నది విమానం బొమ్మే. పట్టా అయితే ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో, లైసెన్సు శిక్షణ అయితే డీ.జీ.సీ.ఏ. ఆమోదం ఏ తేదీ వరకు ఉందో, డబ్బు కట్టకముందే కాగితం చూపించమని అడగండి. చూపించడానికి విసుక్కునే చోటు నుంచి లేచి వచ్చేయండి. మీ నాన్నగారు మొహమాటపడితే మీరే అడగండి.

ఈ నెలకు ఒక లెక్క ఇస్తున్నాను. ఒక కిలో 2.2046 పౌండ్లకు సమానం. 0.803 నుంచి 1.77 ఎలా వచ్చిందో మీరే తేల్చండి. తరవాత, మొత్తం 12,599 లీటర్లతో బయలుదేరిన ఆ విమానంలో కావలసిన ఇంధనంలో నూటికి ఎంత వంతు ఉందో కట్టండి. ప్రతి మెట్టులోనూ ప్రమాణం రాయడం మరచిపోవద్దు.