గ్రాఫు మీది చుక్క

మిశ్రమ లోహానికి పేటెంటు అడిగితే, అది కొత్తదా అని చూసి ఊరుకోరు. ఆ విద్య తెలిసినవాడికి ఇట్టే స్ఫురించేదేనా అని కూడా చూస్తారు. చిక్కంతా ఈ రెండోదానితోనే.

అమెరికాలో టైటానియం మెటల్స్ కంపెనీ కేసు చూడండి. టైటానియంలో 0.2–0.4 శాతం మాలిబ్డినం, 0.6–0.9 శాతం నికెల్ కలిపితే వేడి ఉప్పునీళ్ళలో తుప్పుకు బాగా తట్టుకుంటుందని ఆ లోహానికి పేటెంటు అడిగారు. కాని 1970 నాటి ఒక రష్యన్ వ్యాసంలో, గ్రాఫు మీద ఒక చుక్క 0.25, 0.75 పాళ్ళ లోహాన్ని చూపుతోంది. తుప్పు ఊసే అందులో లేదు! అయినా పరిధిలో ఒక్క లోహం పాతదైతే చాలు, ఆ క్లెయిము చెల్లదని 1985లో అప్పీలు కోర్టు తేల్చింది.

మరో క్లెయిములో అడిగింది కచ్చితంగా 0.3, 0.8 పాళ్ళు. ఇది గ్రాఫులో లేదు, కొత్తదే. కాని పాళ్ళు ఇంత దగ్గరగా ఉంటే గుణాలూ ఒకటేనని లోహవేత్త ఎవరైనా అనుకుంటాడు. కాదు, మాది వేరుగా పనిచేస్తుందని కంపెనీ రుజువు చూపలేదు. అదీ పోయింది.

మరి తుప్పు సంగతి కనిపెట్టినవాళ్ళ శ్రమ? నిజమే, కాని దానికి బదులుగా లోహాన్నే రాసిచ్చేస్తే, ముందునుంచీ దాన్ని పోత పోస్తున్నవాడు దొంగవుతాడు. మన 1970 చట్టం 3(డి) కూడా తెలిసిన పదార్థంలో కొత్త గుణం కనుక్కోవడమొక్కటే ఆవిష్కరణ కాదంటుంది. అమెరికాలోనైతే ఆ వాడకపు పద్ధతికి వేరే క్లెయిము వేసుకోవచ్చు.