చలికాలపు సైకిలు

సైకిలు పుట్టుటకు పూర్వమే కదలని సైకిలు వంటిది పుట్టెననిన వింతగా తోచును. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనునతడు కాలుసేతులతో త్రిప్పెడి వ్యాయామ యంత్రమొకదానికి 1796లో పేటెంటు పొందెను. అది ఉన్నచోటనే ఉండునది. జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రయిస్ తన రెండు చక్రముల బండినెక్కి మాన్‌హైమ్ నగరమునుండి బయలుదేరినది 1817లో. దానికి పెడళ్ళు లేవు; కాళ్ళతో నేలను తన్నుచు పోవలెను. ఈ రెండింటి సంతతియు నేడు హైదరాబాదు నగరపు పడమటి భాగమున చేరియున్నవి.

1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములు క్రమముగా కంప్యూటరు కొలువులకు నెలవులైనవి. పగలెల్ల కుర్చీలో కూర్చుండి పనిచేయువారికి వ్యాయామము మిక్కిలి అవసరము. అందుచే వేకువనే సైకిలెక్కి బాట పట్టువారు కొందరు. వ్యాయామశాలలోనో, ఇంటిగదిలోనో కదలని సైకిలు త్రొక్కువారు మరికొందరు. మార్గశిరము రాగానే మొదటి జట్టువారిలో పలువురు రెండవ జట్టున చేరుదురు. కారణమడిగినచో చలి అందురు.

ఈ మాటను కొంచెము పరీక్షింపవలెను. హైదరాబాదులో డిసెంబరు, జనవరి మాసముల కనిష్ఠోష్ణోగ్రత సామాన్యముగా 15 డిగ్రీల చేరువలో నుండును. 1946 జనవరి 8న అది 6.1 డిగ్రీలకు దిగినది కాని, అట్టి రాత్రులు అరుదు. ఫిన్లాండు దేశమందలి ఊలు నగరమున బాటనిండ మంచు గట్టిపడి యుండగా బడిపిల్లలు సైతము సైకిళ్ళపై పోవుదురు. గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవువానికి, గాలి వీచని ఉదయమునను ఎదురుగాలి తగులుటచే వ్రేళ్ళు కొంకరలు పోవును, నిజమే. చేతి తొడుగులు, చెవులను కప్పు తలగుడ్డ ఉన్న ఆ బాధ తీరును. పది నిమిషములు త్రొక్కునంతలో ఒడలు వేడెక్కును. కావున చలిపై నేరము మోపుట న్యాయము కాదు.

అసలు చిక్కు గాలిలో నున్నది. మబ్బులేని శీతకాలపు రాత్రి నేల తన వేడిని విడిచి త్వరగా చల్లబడును. నేలనంటిన గాలియు చల్లబడి, బరువెక్కి, కదలక నిలుచును. దానిపై వెచ్చని గాలి మూతవలె పరచుకొనును. వాహనముల పొగ, తగులబెట్టిన చెత్త పొగ, క్రొత్త కట్టడముల ధూళి ఆ మూత క్రింద చిక్కుకొనును. ప్రొద్దెక్కి నేల వేడెక్కినగాని అవి చెదరిపోవు. వేకువను కనుపించు తెల్లదనమంతయు మంచే యనుకొనరాదు. ఊరక కూర్చున్న మనిషి నిమిషమునకు ఆరేడు లీటర్ల గాలి పీల్చును. ఉరవడిగా సైకిలు త్రొక్కువాడు 50 లీటర్లకు మించి పీల్చగలడు. ముక్కు చాలక నోటితో పీల్చును గనుక వడపోతయు తగ్గును. ఆరోగ్యమునకై బయలుదేరినవాడే అందరికంటె ఎక్కువ పొగ త్రాగుచున్నాడన్నమాట!

2.5 మైక్రాన్లకు మించని సన్నని ధూళికణములు ఒక దినపు సగటున ఘనపు మీటరు గాలిలో 15 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది. మన దేశమున విధించుకొన్న పరిమితి 60. సైకిలెక్కుటకు ముందు ఈ అంకెను చూచుట థర్మామీటరును చూచుటకంటె మేలు.

ప్రొద్దెక్కువరకు ఆగవచ్చును గదా యనిన, అప్పటికి కార్యాలయములకు పోవు కార్లు, బస్సులు, మోటారు సైకిళ్ళతో బాటలు క్రిక్కిరియును. గాలి బాగుపడు వేళకు దారి చెడును. ఆదివారమునాడు మాత్రమే ఈ పీటముడి కొంత సడలును.

అట్లని గది నిర్దోషమనుటకు వీలులేదు. మనము తిన్న ఆహారపు శక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే పెడళ్ళకు చేరును. తక్కినది వేడి యగును. పెడళ్ళపై 100 వాట్ల పని చేయువాని దేహమున దాదాపు 300 వాట్ల వేడి పుట్టును. బాటమీద ఆ వేడిని ఎదురుగాలి కొనిపోవును. గదిలో ఆ గాలి లేదు. చెమట ఆవిరియైనప్పుడే దేహము చల్లబడును గాని, బొట్లుబొట్లుగా నేలపై రాలిన చెమట వలన ప్రయోజనము లేదు. చలికాలమున సైతము కదలని సైకిలుకు ఎదుట ఫ్యాను ఉండి తీరవలెను. కిటికీలు మూసినంత మాత్రమున సన్నని ధూళి లోనికి రాకపోదు. మలుపులో బండి నొరగించుట, గుంతను తప్పించుట, సమయమునకు బ్రేకు వేయుట గదిలో ఎన్నడును అలవడవు.

నగర బాటకును గదికిని నడిమి త్రోవ యొకటి ఈ ప్రాంతమున ఏర్పడినది. అవుటర్ రింగురోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023 అక్టోబరు 1న ప్రారంభించిరి. దాని ఒక శాఖ నానక్‌రామ్‌గూడ నుండియు, రెండవది నార్సింగి నుండియు సాగును. పైకప్పుగా 16 మెగావాట్ల సౌర ఫలకములను పరచిరి. దక్షిణ కొరియాలోని అట్టి బాట దీనికి మాదిరి. లారీల భయము లేకుండుట దీని గొప్ప మేలు. కప్పు ఎండవానలను ఆపును. ప్రక్కలు తెరచియుండుటచే పొగను మాత్రము ఆపజాలదు.

గదియా, బాటయా యని ఎన్నుకొను అవకాశమే లేనివారును కలరు. రాత్రి కావలి ముగించి ఇల్లు చేరువారు, వార్తాపత్రికలు వేయు కుర్రవారు, తోటపనివారు తలకు తువ్వాలు చుట్టుకొని, ఆ చీకటిలోనే, ఆ గాలిలోనే పాత సైకిళ్ళు త్రొక్కుచుందురు. పెక్కు సైకిళ్ళకు దీపముండదు. పొగమంచులో వెనుక వచ్చు లారీ డ్రైవరుకు వారి ఉనికిని తెలుపునది మడ్‌గార్డుపైనున్న ఎర్రని బిళ్ళ యొక్కటే.