కేబుల్ టీవీ, ఇంటర్నెట్ ప్రసారాలు: కుటుంబానికి తగిన ఎంపిక

ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు అయిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ప్రారంభమైంది. 120 మెగావాట్ల ఈ కేంద్రం వలన కొండల నడుమ తెలుగు మాట స్థిరపడింది. కోరాపుట్, జయపురం, సునాబేడ, రాయగడ పట్టణాలలోనూ ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం వచ్చిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడి పిల్లలకు బడిలో ఒడియా, ఆంగ్లం, హిందీ వినిపిస్తాయి. తెలుగు మాత్రం ఇంటి మాటలలోనూ టీవీలోనూ వినవలసిందే. కాబట్టి కేబుల్ కనెక్షన్ తీసివేయాలా, ఉంచాలా అన్నది ఈ ఇళ్లలో డబ్బు లెక్కతోనే తేలిపోయే విషయం కాదు.

1. రెండు పద్ధతుల మధ్య భేదం

కేబుల్‌లోనూ, ఇంటి పైకప్పు మీది డిష్‌లోనూ ప్రసారాలు నిర్ణీత సమయానికి వస్తాయి. ఎన్ని గంటలు చూసినా నెల రుసుము మారదు. ఇంటర్నెట్ ద్వారా వచ్చే ప్రసారాలలో కోరిన కార్యక్రమాన్ని కోరిన వేళకు చూడవచ్చు. అయితే అందుకు రెండు చెల్లింపులు అవసరం: ఒకటి ఇంటర్నెట్‌కు, రెండవది చందాకు. చాలామంది రెండవదానినే లెక్కిస్తారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది.

2. కేబుల్ చందాదారుని హక్కు

ఒడిశాలో స్థానిక ఆపరేటర్ ఇచ్చే ప్యాకేజీలో తెలుగు ఛానళ్లు తక్కువగా ఉండవచ్చు. అంతమాత్రాన కేబుల్ వదులుకోనవసరం లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో రూపొందించిన నిబంధనలు 2019 నుండి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం చందాదారుడు తనకు కావలసిన ఛానళ్లను విడివిడిగా ఎంచుకోవచ్చు. ప్రతి చెల్లింపు ఛానల్‌కు విడి ధర ప్రకటించి ఉండాలి. చూడని ఛానళ్ల ప్యాకేజీని తొలగించి, చూసే నాలుగైదు తెలుగు ఛానళ్లను మాత్రమే కోరితే నెల రుసుము తగ్గే అవకాశం ఉంది. ముందుగా చేయవలసిన పని ఇదే.

నెల రుసుము లేని మార్గం కూడా ఉంది. దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్‌కు డిష్, సెట్‌టాప్ బాక్స్ ఒకసారి కొంటే చాలు. సప్తగిరి, యాదగిరి ఛానళ్లు అందులో లభిస్తాయి. జోరు వానలో డిష్ ప్రసారం కొంతసేపు ఆగవచ్చు.

3. సంవత్సరపు లెక్క

నెల లెక్క మోసపుచ్చుతుంది. సంవత్సరపు లెక్క వేయాలి. ఒక కుటుంబం కేబుల్‌కు నెలకు 300 రూపాయలు చెల్లిస్తున్నదనుకొందాం. సంవత్సరానికి 3,600 అవుతుంది. రెండు ఇంటర్నెట్ వేదికల వార్షిక చందాలు కలిపి 1,500 రూపాయలు, బ్రాడ్‌బ్యాండ్ నెలకు 500 రూపాయలు అనుకొందాం.

పిల్లల చదువు కోసం బ్రాడ్‌బ్యాండ్ ఇదివరకే ఉన్న ఇంట్లో అదనపు ఖర్చు 1,500 మాత్రమే. కేబుల్ మానితే 2,100 మిగులుతుంది. టీవీ కోసమే కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ తీసుకొనే ఇంట్లో ఖర్చు 7,500కు చేరుతుంది. అంటే కేబుల్‌కు రెట్టింపు పైగా. చందాలు అవే అయినా ఒక ఇంటికి లాభం, మరొక ఇంటికి నష్టం. పై అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఎవరి బిల్లులోని అంకెలు వారు వేసుకోవాలి.

మొబైల్ డేటా మీద ఆధారపడేవారు మరొక లెక్క చూడాలి. హెచ్‌డీ నాణ్యతలో ఒక గంట చిత్రానికి సుమారు 3 జీబీ వరకు ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ లభించే ప్లాన్ అరగంటకే అయిపోతుంది. సాధారణ నాణ్యతకు మార్చుకొంటే గంటకు సుమారు 1 జీబీ చాలు. కొండ ప్రాంతాలలో సిగ్నల్ వీధివీధికీ మారుతుంది. కాబట్టి సాయంకాలం అందరూ చూసే వేళలోనే వేగాన్ని పరీక్షించాలి.

4. తెలియకుండా పోయే డబ్బు

ఉచిత పరీక్షా కాలం పేరుతో చేరిన చందాలు ఆటోపే ద్వారా తమంతట తామే కొనసాగుతాయి. ఫోన్ నుండి యాప్ తొలగించినంత మాత్రాన చందా రద్దు కాదు. చందా పేజీలో రద్దు చేసి, చెల్లింపు యాప్‌లోని ఆటోపే అనుమతిని కూడా తొలగించాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు సమాచారం రావాలి. ఆ సందేశాన్ని నిర్లక్ష్యం చేయరాదు. చేరడం సులభంగా, వైదొలగడం కష్టంగా ఉంచే పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో అనుచిత పద్ధతుల జాబితాలో చేర్చింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు.

5. ఇంట్లో ఎవరికి ఏది

రిమోట్‌పై రెండు అంకెలు నొక్కి వార్తలు చూసే అవ్వకు పాస్‌వర్డులు, ప్రొఫైళ్లు అడిగే తెర ఇబ్బందికరం. పగలంతా ఒంటరిగా ఉండేవారికి టీవీయే తోడు. వారి సౌకర్యం అడగకుండా కేబుల్ తీసివేయడం పొదుపు అనిపించుకోదు. పిల్లలున్న ఇంట్లో వయోపరిమితి తాళం పెట్టుకోవాలి. 13 ఏళ్లు, అంతకు పైబడిన వర్గాల కార్యక్రమాలకు ఆ సదుపాయం కల్పించాలని 2021 నాటి నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను సమయంలో విద్యుత్తు, ఫోన్లు స్తంభించాయి. అటువంటి వేళ కేబుల్, ఇంటర్నెట్ రెండూ ఆగుతాయి. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ప్రతి ఇంట్లో ఉండడం మేలు.

తొందరపడి కేబుల్ రద్దు చేయకుండా ఒక నెల రెండింటినీ ఉంచి చూడాలి. మార్పు నిశ్చయమైతే సెట్‌టాప్ బాక్స్ తిరిగి ఇచ్చి రసీదు పొందాలి.

అభ్యాసం

1. గత నెలలో ఇంట్లో నిజంగా చూసిన ఛానళ్లు ఎన్ని? వాటి విడి ధరల మొత్తం ఎంత?
2. ఫోన్లలో అమలులో ఉన్న ఆటోపే అనుమతులు ఎన్ని? వాటిలో ఉపయోగపడనివి ఏవి?
3. ఇంట్లోని పెద్దలు ఇతరుల సాయం లేకుండా తెలుగు వార్తలు పెట్టుకోగలుగుతున్నారా?

మూడవ ప్రశ్నకు లేదు అన్న సమాధానం వస్తే, మొదటి రెండు లెక్కలలో ఎంత మిగిలినా ఎంపికను మరల ఆలోచించవలసి ఉంటుంది.