అగ్నిమాపక స్ప్రింక్లర్ల సంరక్షణ

స్ప్రింక్లర్ అనగానే నారాయణఖేడ్ ప్రాంతపు సభ్యులకు శనగ చేనులో తిరుగుతూ నీళ్లు చిమ్మే పైపులు గుర్తుకు వస్తాయి. ఈ పాఠం వాటి గురించి కాదు. భవనాల పైకప్పు కింద వరుసగా బిగించి ఉండి, నిప్పు పుట్టినప్పుడు తమంతట తామే నీరు కురిపించే స్ప్రింక్లర్ల గురించి. మన ఊళ్లలోని చిన్న పాల సేకరణ గదులలో ఇవి సాధారణంగా ఉండవు. పెద్ద గోదాములలో, పట్నంలోని కార్యాలయాలలో, మన పిల్లలు ఉద్యోగాల కోసం వెళ్లి ఉంటున్న ఎత్తైన అపార్టుమెంట్లలో ఉంటాయి. 2023 మార్చి 16న సికింద్రాబాదులోని స్వప్నలోక్ కాంప్లెక్సులో నిప్పంటుకొని ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. వారి ప్రాణాలు తీసింది పొగ. మంట చిన్నదిగా ఉండగానే ఆర్పగలిగితే అంత పొగ పుట్టదు. స్ప్రింక్లర్ చేసే పని అదే.

ఇది పనిచేసే తీరు మొదట తెలుసుకుందాం. పైకప్పు కింది పైపులో ఎప్పుడూ ఒత్తిడితో నీరు నిలిచి ఉంటుంది. ఒక్కొక్క హెడ్డుకు వేలెడంత కూడా లేని గాజు బుడ్డి అడ్డంగా ఉండి నీటిని ఆపుతుంది. వేడి తగిలితే బుడ్డిలోని ద్రవం ఉబ్బి గాజు పగులుతుంది, నీరు కురుస్తుంది. ఎర్ర బుడ్డి 68 డిగ్రీల దగ్గర, పసుపుది 79 దగ్గర, ఆకుపచ్చది 93 దగ్గర పగులుతాయి. సినిమాలలో చూపినట్టు అన్నీ ఒకేసారి కురవవు. మంటకు పైన ఉన్న ఒకటో రెండో మాత్రమే తెరుచుకుంటాయి. పొగకు పగలవు, వేడికే పగులుతాయి. సాధారణమైన హెడ్డు నుంచి నిమిషానికి సుమారు 60 నుంచి 80 లీటర్లు, అంటే మన 40 లీటర్ల క్యాన్లు ఒకటిన్నర నుంచి రెండు, పడతాయి. 1874లో అమెరికాలో పార్మెలీ అనే పియానోల తయారీదారు తన కర్మాగారాన్ని కాపాడుకోవడానికి ఇటువంటివి బిగించుకొన్నాడు. నాటి నుంచి పరికరం ఎంతో మెరుగైంది, సూత్రం మాత్రం అదే.

ఇంత నమ్మకమైన ఏర్పాటు ఎప్పుడు విఫలమవుతుంది? ఎక్కువసార్లు దాని దారిలో నీరు లేనప్పుడే. ఒక వేసవిలో మేము ఒక గోదాము చూడబోయాము. హెడ్లన్నీ మెరుస్తున్నాయి, పైపులకు కొత్తగా ఎర్ర రంగు వేశారు. ఒత్తిడి గేజి చూస్తే ముల్లు సున్న మీద ఉంది. మూడు నెలల క్రితం ఎక్కడో కారుతున్నదని పెద్ద వాల్వు మూశారట. మూసినాయన బదిలీ అయి వెళ్లిపోయాడు. తెరవాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. కాబట్టి పెద్ద వాల్వును తెరిచిన స్థితిలోనే గొలుసు వేసి తాళం పెట్టాలి. మరమ్మతుకు మూయక తప్పకపోతే ఎవరు, ఎప్పుడు, ఎందుకు మూశారో అట్టముక్క మీద రాసి వాల్వుకే కట్టాలి. తెరిచేదాకా అక్కడ ఒక మనిషిని కాపలా ఉంచాలి. గేజిని రోజూ ఒకసారి చూడటానికి అర నిమిషం చాలు.

రెండవది ట్యాంకు. ఇది మనవంటి నీటి ఎద్దడి ప్రాంతాలలో మరీ ముఖ్యం. ఏప్రిల్, మే నెలలలో బోరు అడుగంటుతుంది. పాల క్యాన్లు కడగాలి, నేల కడగాలి. పక్కనే నిండుగా నిప్పుల ట్యాంకు కనబడుతుంది. రెండు బిందెలే కదా అని మొదలై నెల తిరిగేసరికి ట్యాంకు అడుగు కనిపిస్తుంది. తీసుకొన్నవారిని తిట్టి ప్రయోజనం లేదు. కడగని క్యానులో పాలు విరుగుతాయి, వారి ఇబ్బంది వారిది. దీనికి మేస్త్రీతో చేయించుకోగల ఉపాయం ఉంది. ఒకే ట్యాంకు రెండు పనులకూ వాడేటట్టయితే, వాడకపు పైపును నిప్పుకు కేటాయించిన నీటి మట్టానికి పైన బిగించాలి. ఆ మట్టానికి దిగగానే కుళాయి ఆగిపోతుంది, కింది నీరు నిప్పుకే మిగులుతుంది. ఈ ఏర్పాటుకు ఖర్చు కొద్దిదే. కొత్త భవనం కట్టేటప్పుడు కార్యవర్గం దీనిని పట్టుబట్టి అడగాలని మా సలహా.

పంపును వారానికి ఒకసారి నడిపి చూడాలి. కరెంటు పోయినప్పుడు నడిచే డీజిలు పంపు ఉంటే దాని బ్యాటరీ, డీజిలు కూడా చూడాలి.

హెడ్ల విషయంలో చేయకూడనివే ఎక్కువ. సున్నం, రంగు వేసేటప్పుడు వాటికి అంటనీయరాదు. అంటితే గీకకుండా ఆ హెడ్డునే మార్పించాలి. గాజుబుడ్డి పట్టుకొని వేలాడదీసే తోరణాలు, బట్టలు, బల్బుల తీగలు పనికిరావు. దాణా బస్తాలు హెడ్డుకు కనీసం అర మీటరు కిందనే ఆగాలి, లేకపోతే నీరు విచ్చుకోదు. మన రేకుల షెడ్లలో వేసవి మధ్యాహ్నం పైకప్పు దగ్గర వేడి ఎంతో అందరికీ తెలుసు. అక్కడి అత్యధిక వేడికన్నా కనీసం 30 డిగ్రీలు ఎక్కువకు పగిలే బుడ్డి ఎంచుకోవాలి. ఎర్రది పెట్టి నిప్పు లేకుండానే బస్తాలు తడుపుకోరాదు. ఒకసారి పగిలిన హెడ్డు మళ్లీ పనికిరాదు గనుక అదే రకం హెడ్లు కొన్ని, వాటిని బిగించే పానాతో సహా, దగ్గర ఉంచుకోవాలి. నీరు కురుస్తున్నదని కంగారుపడి వెంటనే వాల్వు మూయరాదు. నిప్పు పూర్తిగా ఆరిందని కళ్లారా చూసిన తరువాతనే మూయాలి.

స్ప్రింక్లరు లేని మన సంఘాల గదులలో ఇసుక బకెట్లు, నీటి డ్రమ్ము, ఒక ఎర్ర సిలిండరు ఉండాలి. ఎలక్ట్రిక్ ప్యానెల్ మండితే మొదట మెయిన్ స్విచ్ తీయాలి, దాని మీద నీళ్లు చల్లరాదు. సిలిండరును తలుపు దగ్గర, చేతికి అందేటట్టు తగిలించాలి. గేజి ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉన్నదా, పిన్ను ఊడలేదా అని నెలకొకసారి కార్యదర్శి చూడాలి. చూసిన తేదీని సిలిండరుకు కట్టిన చీటీ మీద రాయాలి. నిప్పు పుడితే అగ్నిమాపక కేంద్రానికి 101 నంబరు.