ఊహయు, రుజువును

‘అట్లనుకొంటిని’ అను మాట వినరాని దినము మన నిత్యవ్యవహారమున లేదు. అనుకొనుట రుజువు కాదు. రుజువు దొరకువరకు మనస్సు పట్టుకొన్న ఊతకోల. దీనినే ఊహ యందుము.

తర్కశాస్త్రమున పొగను జూచి నిప్పు కలదని నిశ్చయించుట అనుమానము. మీమాంసకులు అర్థాపత్తి యను ప్రమాణమును వేరుగా చెప్పిరి. లావుగానున్న దేవదత్తుడు పగలు భుజింపడన్నచో, రాత్రి భుజించుచున్నాడని ఊహింపక తప్పదు. తెలుగు వాడుకలో మాత్రము అనుమానమనగా శంక. ఆంధ్రదేశమున శిక్షణ పొందిన మాకు ఆ యర్థమే అలవాటు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తమిళ సోదరులు అదే మాటను అంచనా యను నర్థమున వాడుదురు. కావున వారి నోట ఆ మాట విన్నంతనే మనలను శంకించిరని కోపగించుట తగదు. అదియు తొందరపాటు ఊహయే.

న్యాయశాస్త్రము ఊహకు హద్దులు గీచినది. 1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులుగా 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఆ హద్దులు నిలిచియున్నవి. ఊహలు మూడు తెగలు.

మొదటిది, న్యాయస్థానము ఊహింపవచ్చునది. దొంగతనము జరిగిన కొలదికాలమునకే ఆ సొత్తు ఒకనియొద్ద దొరకి, అది తనకెట్లు వచ్చెనో అతడు చెప్పజాలనిచో, అతడే దొంగయనియో, దొంగసొత్తని యెరిగియే పుచ్చుకొనెననియో తలపవచ్చును. తలచి తీరవలెనను నియమము లేదు.

రెండవది, ఊహింపవలసినది. చట్టరీత్యా అధికారి ధ్రువీకరించిన నకలును, తప్పని రుజువగువరకు, సరియైనదిగా గైకొనవలెను. నిందితుని నేరము రుజువగువరకు అతనిని నిర్దోషిగా నెంచుటయు ఇట్టిదే.

మూడవది, తిరుగులేనిది. దానిని ఖండించుటకు సాక్ష్యమునకు తావులేదు. ఏడేండ్లు నిండని శిశువు చేసిన పని నేరము కాదను నియమము ఈ కోవకు చేరును.

మొదటి రెండు తెగల ఊహలు రుజువు రాగానే తొలగిపోవును. లోకుల ఊహలు అట్లు తొలగవు. తమిళనాడున పుట్టిన బిడ్డ మాతృభాష తమిళమే యని పలువురు తలంతురు. పటముపై గీచిన గీత ఇంటిలోని మాటను మార్చదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపుమని రాష్ట్రములను కోరుచున్నది. ఆ వసతి కోరుటకు మన మాతృభాష యేదో మొదట వ్రాతలో నుండవలెను. ప్రవేశపత్రమున ఆ గడిని ఖాళీగా విడిచినచో, వేరొకరు తమ ఊహతో దానిని నింపుదురు. తల్లిదండ్రులు ‘తెలుగు’ అని స్వయముగా వ్రాయవలెను; జనాభా లెక్కలవారికిని అట్లే చెప్పవలెను.

మన ఊహలను గూడ పరీక్షించుకొందము. 2006 నాటి చట్టముచే ఈ రాష్ట్రమున తమిళము క్రమముగా నిర్బంధ పాఠ్యాంశమైనది. తెలుగు బిడ్డకు తమిళము పట్టుబడదనుటయు, తమిళము నేర్చినవానికి తెలుగు అక్కరలేదనుటయు, రెండును రుజువులేని మాటలే. రెండు భాషలను చక్కగా నేర్చిన విద్యార్థియే ఆ రెంటికిని తగిన ప్రత్యుత్తరము.

అభ్యాసము: ఈ దినము మీరు ‘అనుకొన్న’ మూడు సంగతులను వ్రాసి, ఒక్కొక్కదాని యెదుట మీకున్న రుజువును వ్రాయుడు.