పాత వ్యానులో టర్బో ఇంజిన్: మార్చేది ఒకటి, సరిచూడవలసినవి ఆరు



మన హాస్టల్ నుంచి ప్రతి ఏడూ కొందరు ఐ.టి.ఐ.కి, పాలిటెక్నిక్‌కి వెళ్తుంటారు. మనలో చాలామంది నాన్నలు, అన్నలు వ్యాన్లు నడుపుతూనో, మెకానిక్ షెడ్డుల్లో పనిచేస్తూనో మనల్ని చదివిస్తున్నారు. "ఈ ఫిజిక్స్ సూత్రాలు ఎక్కడ పనికొస్తాయన్నా?" అని అడిగే తమ్ముళ్ళ కోసమే ఈ వ్యాసం. పాత వ్యానులో కారు టర్బో ఇంజిన్ బిగించడమనే ఒక్క పనిలో మన పాఠ్యపుస్తకం సగం కనిపిస్తుంది.

ఏ వ్యాను? ఏ ఇంజిన్?

జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 1979లో టి3 అనే వ్యానును విడుదల చేసింది. అమెరికాలో దానిని వ్యానగన్ అంటారు. దాని ఇంజిన్ వెనుక భాగంలో ఉంటుంది. బండి బరువు సుమారు ఒకటిన్నర టన్నులు. అమెరికాలో అమ్మిన 2.1 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ శక్తి 95 హార్స్ పవర్, టార్క్ సుమారు 160 న్యూటన్ మీటర్లు. సామాన్లతో ఎత్తు ఎక్కాలంటే ఆ బండి ఆయాసపడుతుంది. అందుకే ఆ వ్యానంటే ఇష్టపడే విదేశీయులు కొందరు అదే కంపెనీ కుటుంబానికి చెందిన 1.8 లీటర్ల టర్బో కారు ఇంజిన్‌ను అందులో బిగిస్తారు. ఆడి ఎ4, పసాట్ కార్లలో వచ్చిన ఇంజిన్ ఇది. మన దేశంలో అమ్మిన స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. కారులోనూ ఇదే ఉండేది. 1,781 సి.సి. మాత్రమే అయినా సుమారు 150 హార్స్ పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది.

చిన్న ఇంజిన్‌కు అంత బలం ఎలా?

సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. గాలి ఎక్కువగా వెళ్తే పెట్రోలు ఎక్కువగా మండించవచ్చు.

అయితే ఒత్తిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు దాని అడుగు కాలినట్టే. 30 డిగ్రీల గాలిని 1.6 రెట్ల పీడనానికి ఒత్తితే, టర్బోలో జరిగే నష్టాలతో కలిపి సుమారు 90 డిగ్రీలకు చేరుతుంది. వాయు సూత్రం వేసి చూడండి: సాంద్రత 1.6 రెట్లు పెరగదు, 1.6 × 303 ÷ 363, అంటే 1.34 రెట్లే. ఇంటర్‌కూలర్ అనే జాలీ గుండా పంపి 50 డిగ్రీలకు చల్లార్చితే 1.5 రెట్లవుతుంది. సెల్సియస్‌ను కెల్విన్‌లోకి మార్చమని మాస్టారు ఎందుకు పట్టుబడతారో ఇక్కడ తెలుస్తుంది.

సరిచూడవలసిన ఆరు విషయాలు

1. చోటు: వ్యాను పాత పెట్రోల్ ఇంజిన్ పడుకున్నట్టు వెడల్పుగా ఉంటుంది. కారు ఇంజిన్ నిటారుగా ఉండేది కాబట్టి అలాగే పెడితే పైమూత పట్టదు. కంపెనీయే టి3 డీజిల్ వ్యానులో నిటారు ఇంజిన్‌ను 50 డిగ్రీలు పక్కకు వాల్చి పెట్టింది. ఆ డీజిల్ వ్యాను బెల్ హౌసింగ్, మౌంటింగులు ఈ పనికి ఆధారం.

2. ఆయిల్: ఇంజిన్ వాలితే అడుగున ఆయిల్ కూడా ఒక పక్కకు చేరుతుంది. అందుకే డీజిల్ వ్యాను ఆయిల్ పాన్, ఆయిల్ పీల్చే గొట్టం వాడాలి. టర్బో నుంచి ఆయిల్ తన బరువుతోనే కిందికి దిగాలి. ఆ గొట్టం వాలు తప్పితే టర్బో సీళ్ళ దగ్గర ఆయిల్ కారి పొగ వస్తుంది.

3. చల్లదనం: రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనుక. మధ్యలో వ్యాను పొడవునా నీటి గొట్టాలు. వాటిలో గాలి బుడగ చిక్కుకుంటే ఇంజిన్ వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్‌కూ వెనుక భాగంలో ఎదురుగాలి దొరకదు. పక్క కిటికీల వెనుక ఉన్న గాలి దారుల దగ్గరో, ఫ్యాను పెట్టో ఏర్పాటు చేయాలి.

4. గేర్ బాక్స్: టార్క్ 160 నుంచి 210కి, అంటే 31 శాతం పెరిగింది. మొదటి గేరులో అది పదిహేను రెట్లకు పైగా హెచ్చి చక్రాలకు చేరుతుంది. క్లచ్, గేరు పళ్ళు, ఇరుసులు అన్నీ ఆ భారం మోయాలి. గొలుసు బలం దాని బలహీనమైన లంకె బలమే.

5. వైరింగ్: ఈ ఇంజిన్‌ను కంప్యూటర్ నడుపుతుంది. దాని సెన్సర్లు, తాళంచెవి గుర్తింపు, యాక్సిలరేటర్ తీగలు అన్నీ పాత బండి వైరింగ్‌తో కలవాలి. సర్క్యూట్ బొమ్మ చదవడం రాకపోతే ఎంత పనివాడికైనా ఇక్కడ పని ఆగిపోతుంది.

6. బ్రేకులు: అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. గతిశక్తి వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల బదులు 130తో వెళ్తే బ్రేకులు ఆర్పవలసిన శక్తి 1.69 రెట్లు. వేగం పెరిగింది 30 శాతమే, భారం పెరిగింది 69 శాతం. పరుగెత్తించడం నేర్పి ఆపడం నేర్పకపోతే వ్యానులో కూర్చున్నవారి ప్రాణాల మీదికి వస్తుంది.

చట్టం మాటేమిటి?

మన దేశంలో ఇష్టమొచ్చిన ఇంజిన్ బిగించి రోడ్డెక్కడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనినే గట్టిగా చెప్పింది. చట్టం అనుమతించిన మార్పులకు రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం ఉండాలి. కాబట్టి తమ్ముళ్ళూ, దీన్ని పాఠంగా నేర్చుకోండి, మీ ఊరి వ్యాను మీద ప్రయోగించకండి.

చివరిగా

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. పి.జి. తరగతుల్లో టర్బైన్ సమీకరణాలు రాస్తున్నప్పుడు నాకు ఒకటి బోధపడింది. షెడ్డులో మేస్త్రీ చేత్తో పట్టి చెప్పే విషయాన్నే పుస్తకం అంకెల్లో చెబుతుంది. కానీ ఆ మేస్త్రీకి అంకెలు నేర్పినవారు లేరు, పుస్తకం చదివినవారిలో చాలామంది స్పానర్ పట్టరు. ఈ రెండూ ఒక్క మనిషిలో కలిసే అవకాశం మన హాస్టల్ పిల్లలకే ఎక్కువ. ఎందుకంటే పని మన ఇళ్ళలోనే ఉంది, చదువు ఇప్పుడు చేతికందింది. ఇంటి పని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి, లెక్కను చూసి భయపడకండి.

మీ కోసం ఒక లెక్క: ఈ టర్బో ఇంజిన్ నిమిషానికి 1,750 చుట్ల దగ్గరే 210 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అప్పుడు దాని శక్తి ఎన్ని కిలోవాట్లు? (సమాధానం: సుమారు 38.5)